ఒక్క వేలి పెట్టె

గరివిడి,
12 ఫిబ్రవరి 2012

ఝాన్సీ వదినకి మీ తమ్ముడి భార్య నమస్కరించి రాసేది.

ముందుగా నా చేతిరాతకి మన్నించాలి. ఏడో తరగతి తర్వాత నేను పెన్ను పట్టింది గ్యాసు బండ పుస్తకంలో సంతకానికే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్నిచోట్ల మానేశాను, కొన్నిచోట్ల రెండేసి పెట్టాను. అక్షరాలు దారి తప్పిన చీమల్లా ఉన్నాయి. అర్థం కానిచోట మీరే సర్దుకుని చదవండి.

ఇక్కడ అందరం బాగున్నాం. అత్తకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. మీరడిగిన ఎండు నెత్తళ్ళ చేపలు డబ్బాకెత్తి ఉంచింది. మీ ఊళ్ళోనే పని చేస్తున్న చీపురుపల్లి బట్టలకొట్టు వారి అబ్బాయి జయకృష్ణ ఇక్కడ పెళ్ళి చేసుకుని ఏప్రిల్లో అక్కడికి తిరిగొస్తాడు కదా, అతనితో పంపుదామంటే, "నెత్తళ్ళు అట్టుకెల్తే నన్ను ఇమానం లోంచి దించేస్తారు పిన్నీ" అని అత్తకి దండం పెట్టేశాడు.

అసలు సంగతి రాస్తాను. జయకృష్ణ చేత మీరు పంపిన ఇంగ్లీషు వాళ్ళ సింథసైజర్ పెట్టె ఎలా ఉందని ఫోన్లో అడిగారు. మీ తమ్ముడు "సూపరున్నాది అక్కా, గరివిడి మొత్తంల ఇలాటిది ఎవులి కాడా లేదు" అన్నారు. ఫోను పెట్టేసి అటక వైపు చూసి ఊరుకున్నారు. పెట్టె ఆ అటక మీదే ఉంది.

వచ్చిన రోజు ఎంత సంబరమో చెప్పలేను. ఆయన ప్లగ్గు మార్చి పెద్ద ఆంప్లిఫయరుకి కలిపారు. మన సౌండ్ సర్వీసులో పెళ్ళిళ్ళకి కీబోర్డు వాయించే చంద్రమౌళిని చీపురుపల్లి నుంచి రప్పించారు. చంద్రమౌళి కుర్చీ లాక్కుని, రెండు చేతులూ పరిచి, పది వేళ్ళూ వేశాడు. ఒక్క స్వరం పలికింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఒక్కటే. రిథమ్ తాళం మీట వెతికాడు, లేదు. అందులో పాటలేమైనా ఉన్నాయా అని చూశాడు, లేవు. పలికిన ఆ ఒక్క స్వరం కూడా నిలవకుండా కిందికి జారిపోతోంది.

"మోహనా, మీ యక్కని ఎవుడో బాగా ముంచేసినాడురా. ఇది ఎప్పుడో సచ్చిపోయిన కీబోర్డు" అన్నాడు.

మీ తమ్ముడి ముఖం చూడలేకపోయాను. "అక్కకి ఎవులూ సెప్పకండి, బాధ పడతాది" అన్నారు.

మీ దగ్గర దాచడం నాకు మనసొప్పలేదు. అక్కడ కూడా అది ఇలాగే పలికేదా? ఇచ్చిన పెద్దాయన్ని ఒక్కసారి అడగండి. ఈ మాట ఫోన్లో అడగలేను. మన ఇంట్లో ఫోను మాట్లాడితే వీధంతా వింటుంది. నేను రాసినట్టు మీ తమ్ముడికి తెలియకూడదు. చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి.

పేరు రాయడం లేదు, ఎవరో మీకు తెలుసు.


షెఫీల్డ్,
4 మార్చి 2012

నీలవేణీ,

పేరు రాయకపోతే నేనూ రాయననుకున్నావా? నీ చీమలు ఇంత దూరం బాగానే నడిచొచ్చాయి.

కాల్చమన్నావు. ఎక్కడ కాల్చను తల్లీ? నేను పని చేస్తూ ఉంటున్న ఈ వృద్ధుల ఆశ్రమంలో రొట్టె మాడితే చాలు, పైకప్పుకున్న గంట మోగి అందరినీ రోడ్డు మీదికి తోలేస్తుంది. మొన్న మెంతి పోపు పెడితే పైజామాల్లో ఉన్న ముసలివాళ్ళంతా నా వల్ల చలిలో నిలబడ్డారు. నీ ఉత్తరం కాలిస్తే ఫైరింజనే వస్తుంది. మడిచి బియ్యం డబ్బాలో పెట్టాను.

చదివాక మాత్రం ఒళ్ళు మండింది. నేను మోసపోయానా? ఆ పెట్టె ఇచ్చిన డెనిస్ ఎవరో తెలుసా మీకు?

నేను నర్సు పని చేసే ఈ ఆశ్రమంలోనే ఉంటాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వాళ్ళ నాన్నది ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో పని. చిన్నప్పుడు రోజంతా ఇనప సుత్తుల చప్పుడు ఇంట్లోకి వినబడేదట. పెద్దయ్యాక ఇతనూ ఇద్దరు స్నేహితులూ కలిసి, గిటారు నేర్చుకునే ఓపిక లేక, ఇలాంటి కరెంటు పెట్టెలు కొనుక్కుని ఆ ఇనప చప్పుళ్ళకి పాటలు కట్టారట. సంగీతం ఒక్కడికీ రాదు. ఒక్క వేలితో వాయించేవాళ్ళట. సంగీతం వచ్చినవాళ్ళు చూసి ఇది సంగీతమే కాదన్నారట. నాలుగేళ్ళు తిరక్కుండా వీళ్ళ వెనకొచ్చిన కుర్రాళ్ళు అవే పెట్టెలతో, నున్నగా దువ్విన జుట్టుతో టీవీల్లోకి ఎక్కేశారట. డెనిస్ గుంపు పేరు నాకు నోరు తిరగదు, ఈ ఊళ్ళో కూడా చాలామందికి తెలియదు.

ఇప్పుడు రెబెకా అనే అమ్మాయి ఆ పాత తరహా పాటలే కొత్తగా కడుతోంది. ఆదివారాలు వచ్చి ఆయన కబుర్లు వింటుంది. పెట్టె తనకిమ్మని అడిగింది. ఆయన ఇవ్వలేదు. మా తమ్ముడి ఊళ్ళో కూడా లోహం కరిగించే కొలిమి ఫ్యాక్టరీ ఉందని నేనంటే, "అయితే అది అక్కడికే వెళ్ళాలి" అన్నాడు.

అలాంటి మనిషిని నువ్వు రాసిన మీదట అడిగాను, పెట్టె పాడైనదా అని. నా ఇంగ్లీషు ఎలా వెళ్ళిందో, మావాళ్ళు పాడుచేశారని చెప్పినట్టు విన్నాడు. ఆ పూట టీ ముట్టలేదు. మర్నాడు, "వెనక్కి తెప్పించు. రెబెకా బాగుచేసుకుంటుంది" అన్నాడు.

నాకూ అదే మంచిదనిపిస్తోంది. అటక మీద పడుకోబెట్టడానికి కాదు కదా పంపింది. ఏప్రిల్లో జయకృష్ణకి ఇచ్చి పంపించేయండి. మోహన్‌కి నేనే ఫోన్ చేసి చెప్తాను. నీ పేరు రానివ్వనులే.

అమ్మని మోకాలికి ఆముదం రాసుకుని ఎండలో కూచోమను.

ఝాన్సీ


గరివిడి,
15 మార్చి 2012

వదినకి,

పంపవద్దు. ముందే ఈ మాట రాస్తున్నాను, తర్వాత రాత ఎలా ఉన్నా ఈ ఒక్కటి చదవండి. ఆ పెట్టె వెనక్కి పంపవద్దు.

అది పాడవలేదు. మీ ఉత్తరంలో "ఒక్క వేలితో" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. దాని పద్ధతే అంత. ఎన్ని వేళ్ళేసినా ఒక్కటే పలుకుతుంది, మనిషి గొంతులాగ. చంద్రమౌళి గారు పది వేళ్ళ మనిషి, ఆయనకి అది చచ్చిపోయినట్టే కనబడింది. ఆయన తప్పు లేదు.

నాకెలా తెలుసంటారా? సిగ్గు విడిచి రాస్తున్నాను. మీకు మొదటి ఉత్తరం వేశాక, దుమ్ము దులుపుదామని ఒకరోజు దించాను. మీ తమ్ముడు భోగాపురం వైపు పెళ్ళికి మైకులు కట్టడానికి వెళ్ళారు. కొట్లో ఉన్న హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని ఒక మెట్టు నొక్కాను. పక్కన ఒక నాబ్ తిప్పి ఇంకో మెట్టు నొక్కితే, స్వరం తెగకుండా జారుతూ వెళ్ళింది. వదినా, అది జముకు! అచ్చంగా మా తాత జముకు.

మీరు చిన్నప్పుడు అమ్మవారి పండగల్లో చూసే ఉంటారు. కతకారుడు కత చెప్తుంటే వెనక మనిషి డోలు చంకలో ఇరికించుకుని, దాని తోలు మధ్య నుంచి వచ్చే నరాన్ని ఒక చేత్తో లాగి పట్టుకుని, రెండో చేత్తో మీటుతాడు. లాగితే స్వరం ఎక్కుతుంది, వదిలితే దిగుతుంది. మాటాడినట్టే ఉంటుంది. మా తాత ఎర్రన్న ఆ వెనక మనిషి. నేను ఆయన పక్కన కూర్చుని నోటితో అనేదాన్ని. ఆడపిల్లకి జముకు ఇవ్వరు గనక నోటితోనే.

ఆ రోజు నుంచి ఇల్లు ఖాళీ అయితే చాలు, అటక మీంచి దించుతున్నాను.

స్వరం నిలవదన్నది కూడా రోగం కాదు. స్విచ్చి వేసి అన్నం వార్చుకుని వచ్చేసరికి నిలబడిపోయింది. అది వేడెక్కాలి. డప్పుల వాళ్ళు తోలు మంట దగ్గర కాచుకోకుండా వాయిస్తారా? వచ్చినరోజు మనవాళ్ళు చల్లటి తోలు మీద కొట్టి చూసి బాగోలేదన్నారు, అంతే. మధ్యలో కరెంటు పోతే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది. ఈ కోతలకి నా వంట రెండుసార్లు అవుతోంది.

నాబ్‌ల చుట్టూ తెల్ల రంగుతో సన్నగీతలు ఉన్నాయి. డెనిస్ గారు తన స్వరాలకి పెట్టుకున్న గుర్తులనుకుంటాను. పెట్టెకి జ్ఞాపకం ఉండదు కదా, మనమే గుర్తు పెట్టుకోవాలి. ఆ గీతల దగ్గరికి తిప్పి చూశాను. ఫ్యాక్టరీ లోపల ఎవరో ఏడుస్తున్నట్టు పలికింది. చాలా బాగుంది.

మీ తమ్ముడికి ఎందుకు చెప్పలేదంటే, పెళ్ళయిన కొత్తలో మైకు వైరు తప్పుచోట గుచ్చి ఆంప్లిఫయరు కాల్చేశాను. అప్పట్నుంచి నేను కొట్టు గడప తొక్కితే "సామాను!" అని అరుస్తారు. ఇంకొకటి కూడా ఉంది. మా పెళ్ళిలో తాత జముకు పట్టుకుంటే మీ తమ్ముడి స్నేహితులు "తాతా, బేటరీ ఎక్కడెడతావు?" అని నవ్వారు. మీ తమ్ముడు కూడా నవ్వారు. చిన్న నవ్వే. తాత తర్వాత మళ్ళీ వాయించలేదు, పోయిన ఏడే పోయాడు. ఇప్పుడు జముకని చెప్తే మళ్ళీ ఆ నవ్వు వస్తుందేమో అని భయం.

కాబట్టి మీరే ఏదో ఒకటి చెప్పి ఆపండి. నా పేరు మాత్రం వద్దు. అక్కడ కాల్చడం కష్టమైతే చింపి నీళ్ళలో వేయండి.

మీ మరదలు


షెఫీల్డ్,
1 ఏప్రిల్ 2012

నీలవేణీ,

నీ ఉత్తరం రావడానికి వారం ముందే మోహన్‌కి ఫోన్ చేసేశాను. వాడు సిగ్గుపడి, "నీకు ఎవులు సెప్పినారక్కా?" అని, "సరే కట్టి పంపించేస్తాను" అన్నాడు. రెబెకాకి డెనిస్ కూడా చెప్పేశాడు. ఆ పిల్ల దానికోసం గదిలో బల్ల ఖాళీ చేసుకుందట. ఇప్పుడు నువ్వు వద్దంటున్నావు. నేను ఎవరి ముఖం చూడాలి?

ఇంకో సంగతి. కోప్పడకు. నీ ఉత్తరం డెనిస్‌కి ఇంగ్లీషులో చదివి వినిపించాను. చదవక తప్పలేదు, ఆయన నెల రోజులుగా నాతో ముభావంగా ఉన్నాడు. జముకు దగ్గర ఆగిపోయాడు. అదేమిటి, ఎలా ఉంటుంది అని అడిగాడు. స్టీలు గిన్నె చంకలో పెట్టుకుని, లేని నరాన్ని లాగుతూ, నోటితో "వుం... వూఁయ్" అని చూపించాను. పక్కగది ముసలావిడ నాకు ఏదో అయిందని బెల్లు కొట్టింది. మా మేట్రన్ పరుగెత్తుకొచ్చింది. డెనిస్ ఎంత నవ్వాడో! ఇన్నేళ్ళలో ఆయన పళ్ళు నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత అడిగాడు, "ఆ అమ్మాయికి ఎవరు నేర్పారు?" అని. ఎవరూ నేర్పలేదన్నాను. "అయితే మంచిది. నేర్చుకున్నవాళ్ళ చేతిలో పడితే దాన్ని పియానోలా బుద్ధిగా కూర్చోబెడతారు" అన్నాడు. వేడెక్కడం మాట చదివితే బుర్ర ఊపాడు. వాళ్ళూ కచేరీకి ముందు స్విచ్చి వేసి టీకి వెళ్ళేవారట.

వెనకొచ్చిన కుర్రాళ్ళ మీద కోపం లేదా అని నేనే అడిగాను. "మేం వెళ్ళినప్పుడు రోడ్డు లేదు, గుంతలే. వాళ్ళు వచ్చి గుంతలు పూడ్చారు. పూడ్చినవాళ్ళ మీద కోపమెందుకు?" అన్నాడు.

అంతా బాగుంది కదా, ఉంచేసుకోమన్నాడనుకుంటున్నావు. అనలేదు. ఆఖర్న ఏమన్నాడంటే, "చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని దాచుకునేవాళ్ళకి నేనది ఇవ్వను. మేం దాన్ని దాచుకోవడానికి కొనలేదు. ఆ అమ్మాయి తన ఇంట్లో తను వాయిస్తే ఆమెది. లేకపోతే రెబెకాది."

నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. మోహన్‌తో నేను చెప్పగలను. ఒక్క ఫోన్ చాలు. కానీ చెప్పను. నేను చెప్తే అది అక్క మాటవుతుంది, వాడు తలూపి ఊరుకుంటాడు, నువ్వు మళ్ళీ అటక కింద నిలబడతావు. జయకృష్ణ పెట్టె కోసం పదిహేనో తారీఖు ఆదివారం వస్తాడు. ఆలోగా నోరు విప్పుతావో, తాళ్ళు కడతావో, నీ ఇష్టం.

వాడు నవ్వితే నవ్వనీ. నవ్వినవాడికి నా పేరు చెప్పి ఒక్కటి వెయ్యి.

ఝాన్సీ


గరివిడి,
17 ఏప్రిల్ 2012

వదినకి,

మీ ఉత్తరం శుక్రవారం చేరింది. మర్నాడే మీ తమ్ముడు పెట్టెని అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ గడ్డి కూరి, తాడు మీద తాడు కట్టి, మీద ఇంగ్లీషులో మీ పేరు రాశారు. నేను పక్కన నిలబడి కత్తెర అందించాను. రాత్రి తాత గుర్తొచ్చాడు. ఆ పెళ్ళిలో కూడా నేను ఇలాగే పక్కన నిలబడ్డాను కదా.

ఆదివారం పొద్దున్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కూరగాయల కత్తితో తాళ్ళు కోసేశాను. బల్ల మీద పెట్టి, చిన్న స్పీకరుకి కలిపాను. ఈసారి వైరు సరైన చోటే. స్విచ్చి వేసి పొయ్యి దగ్గరికి వెళ్ళి చోడి అంబలి కాచాను. కరెంటు ఉండాలని అసిరితల్లికి దండం పెట్టుకున్నాను. ఉంది.

ఆయన వచ్చి పీట మీద కూర్చుని, అంబలి గిన్నె పట్టుకుని, అప్పుడు చూశారు.

"ఏటే ఇది? నిన్న నానే కట్టినాను కదా! తాళ్ళు ఎవులు కోసినారు?"

"నానే" అన్నాను.

"ఎందుకే?"

మెట్టు మీద వేలు పెట్టాను. కత మొదలుపెట్టే ముందు జముకు జనాన్ని పిలుస్తుంది చూడండి, ఆ పిలుపు వాయించాను. కిందనుంచి ఎక్కి, పైన ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ కిందికి జారేది. మొదటిసారి వణికింది. రెండోసారి వణకలేదు.

ఆయన గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది. ఆయన నవ్వుతారా, తిడతారా అని నేను చూస్తుంటే పెరట్లోంచి అత్త గొంతు వినబడింది. "ఒరే మోహనా! కతకారోడు వొచ్చినట్టున్నాడురా, జముకు ఇనపడతంది! ఏ వీధిలోనున్నాడో సూడు!" అంటూ చేటలో బియ్యం పోసుకుని మోకాళ్ళ నొప్పి మాట మర్చిపోయి వీధి గుమ్మం దాకా నడిచేసింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ వాయించాను. వెనక్కి తిరిగింది.

"కతకారోడు కాదమ్మా. నీ కోడలు" అన్నారు మీ తమ్ముడు.

అత్త పెట్టెని చూసింది, నన్ను చూసింది, చేటలో బియ్యం చూసుకుంది. "అయితే ఈ బియ్యం ఎవులికి ఎయ్యాలిరా?" అంది. తనే నా దగ్గరికి వచ్చి, "కొంగు పట్టవే. వాయించినోలికే కదా ఎయ్యాల" అని బియ్యమంతా నా కొంగులో పోసేసింది.

వదినా, తాత కండువా పట్టడం నేను చూశాను. నాకు ఎవరో పోస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

తర్వాత ఆయనకి అన్నీ చెప్పాను. ఒక్క వేలి సంగతి, వేడెక్కే సంగతి, హెడ్‌ఫోన్ల సంగతి, మీకు రాసిన ఉత్తరాల సంగతి కూడా. తాత మీద నవ్విన నవ్వు సంగతి చివర చెప్పాను. ఆయన అంబలి కలుపుతూ విన్నారు. "ఆ దినం నాను నవ్వకుండా ఉండాల్సింది" అన్నారు. ఆ మాట చాలు నాకు. వెంటనే ఇంకో బాధ మొదలైంది ఆయనకి.

"ఊరంతా సెప్పేసినానే, దొరలు మా యక్కని ముంచేసినారని. ఇప్పుడేటి సెప్పాల?"

"బాగయ్యిందని సెప్పండి."

"ఎవులు బాగుసేసినారని అడిగితే?"

"నీలవేణి అని సెప్పండి" అన్నాను.

మధ్యాహ్నం జయకృష్ణ వచ్చాడు. అట్టపెట్టెలో సింథసైజర్ లేకపోవడం చూసి తెల్లబోయాడు. ఎప్పుడూ తలుపు చాటు నుంచి మాట్లాడే నేను గుమ్మంలోకి వచ్చి, "పెట్టె రాదు. అదే అట్టపెట్టెలో నెత్తళ్ళు పెట్టినాం, అట్టుకెళ్ళండి" అన్నాను. అతను కాదనేలోగా అత్త తాడు కట్టేసింది. మీకు ఫోన్ చేసి చెప్తానని మీ తమ్ముడు రెండు రోజులుగా అంటున్నారు, సిగ్గుతో మానేస్తున్నారు. ఈ ఉత్తరం ముందు వస్తుందో, నెత్తళ్ళు ముందు వస్తాయో మరి.

చంద్రమౌళి గారు విశాఖపట్నంలో పెద్ద ఆర్కెస్ట్రాలో చేరిపోయారు. వచ్చే నెల మన అసిరితల్లి పండగకి కతకారుడి పక్కన కీబోర్డు వాయించడానికి మనిషి లేడు. నేను కూర్చుంటానని చెప్పాను. అడగలేదు, చెప్పాను.

ఇది కాల్చాలో వద్దో మీ ఇష్టం.

నీలవేణి


షెఫీల్డ్,
30 ఏప్రిల్ 2012

నీలవేణీ,

నెత్తళ్ళే ముందొచ్చాయి!

జయకృష్ణ అట్టపెట్టె తెచ్చి ఆశ్రమంలోనే ఇచ్చి ఒక్క మాట కూడా చెప్పకుండా పారిపోయాడు. మీద మోహన్ రాత, నా పేరు. సింథసైజరే అనుకున్నాను. రెబెకాని పిలిచాను. పాపం తలకి ఆకుపచ్చ రంగేసుకుని, ఇద్దరు స్నేహితుల్ని వెంటపెట్టుకుని వచ్చింది. డెనిస్‌ని చక్రాల కుర్చీలో హాల్లోకి తెచ్చాం. ముసలివాళ్ళంతా చుట్టూ చేరారు. డెనిస్ ఎడమచేత్తో తాడు లాగాడు. మూత తెరిచాం.

ఆ వాసన ఇంకా కర్టెన్లలో ఉంది. ఒక ముసలాయన, "మా పిల్లికి పంపారా?" అన్నాడు. రెబెకా నోరు తెరుచుకుని నిలబడింది. నాకు భూమిలోకి వెళ్ళిపోదామనిపించింది. డెనిస్ ఒక చేప తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆమె జవాబు" అన్నాడు. ఎంత గట్టి బుర్రో. నీ ఉత్తరం తర్వాత వారానికి గానీ రాలేదు.

బియ్యం సంగతి చదివి వినిపించాను. డెనిస్ కిటికీ వైపు తిరిగి, "మాకు మొదట సీసాలు విసిరారు" అన్నాడు. రెబెకా కొంచెం ముఖం మాడ్చుకున్నా, నీ పాట తనకి వినిపించి తీరాలని షరతు పెట్టి ఊరుకుంది.

కానీ ఒక మాట. ఇంట్లో వాయించమన్నాను గానీ, పండగ స్టేజీ ఎక్కమనలేదు. డెనిస్ కూడా ఇంట్లో అన్నాడు. ఊరంతా వస్తుంది, ఫ్యాక్టరీ జనం వస్తారు, తాగినవాళ్ళుంటారు. రేపు ఎవడైనా ఒక మాటంటే అమ్మ తట్టుకోగలదా? నేను నర్సింగుకి విజయనగరం వెళ్తానంటేనే మనవాళ్ళు ఎన్నన్నారో నాకు తెలుసు. అవన్నీ పడ్డదాన్ని గనక చెప్తున్నాను. ఈ ఏడుకి ఊరుకో. వచ్చే ఏడు చూద్దాం.

ఝాన్సీ


గరివిడి,
27 మే 2012

ఝాన్సీ వదినకి,

పండగ అయ్యాక రాస్తే మంచిదని ఆగాను. మీరు వద్దన్నది మీ తమ్ముడికి చదివి వినిపించాను. అత్త కూడా విని, "అదేటి, బొంబాయి దాటి ఎల్లిపోయిన గుంట ఇప్పుడు బయపడతన్నాది?" అంది. మీరు వెళ్ళడం చూసే నాకు ధైర్యం వచ్చింది వదినా. మీకిప్పుడు భయమేస్తే, కొంచెం నా దగ్గర తీసుకోండి.

మీ తమ్ముడు నా మీద ప్రేమతో స్పీకరు బాక్సుల వెనక బల్ల వేశారు, జనానికి కనబడకుండా. అక్కడ కూర్చుని చూస్తే నాకు కతకారుడు కనబడడు. ఆయన ఊపిరి చూడకపోతే నేనెక్కడ అందుకోవాలి? బల్ల ముందుకు జరపమన్నాను. "వైరు సాలదే" అన్నారు. "ఇంకో వైరు తెండి" అన్నాను. తెచ్చారు.

పొద్దు వాలుతుండగా డప్పుల వాళ్ళు తాటాకుల మంట వేసి తోళ్ళు కాచుకుంటున్నారు. నేను స్విచ్చి వేసి చేతులు కట్టుకుని కూర్చున్నాను. కతకారుడు అప్పలసూరి తాత గజ్జెలు కట్టుకుంటూ నన్ను చూసి, "ఏటమ్మా, వాయించకుండా కూకున్నావు?" అన్నాడు.

"ఏడెక్కాల తాతా."

"ఓలమ్మా! నీ పెట్టికి కూడా సెగ కావాల?" అని మంట దగ్గర వాళ్ళకి కేక వేసి చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇది పెళ్ళిలో నవ్విన నవ్వులాంటిది కాదు. మనవాళ్ళలో ఒకరిని చూసి నవ్వే నవ్వు.

కత మొదలైంది. మొదట్లో చాలా తక్కువ వాయించాను. ఆయన ఒక మాట అంటే దాని తోక పట్టుకుని జారేదాన్ని, అంతే. ఆయన వెనక జముకు మనిషి నన్ను అనుమానంగా చూశాడు. కాసేపటికి అతను ఒకటి మీటి ఆగాడు, నువ్వు చెప్పు అన్నట్టు. చెప్పాను. అతను ఇంకొకటి మీటాడు. అదీ చెప్పాను. అప్పుడు జనం లేచి ముందుకొచ్చేశారు.

కతలో రాజు కూతుర్ని అడవిలో వదిలేసే చోట ఫ్యాక్టరీ సైరను మోగింది. ఏటా అది మోగితే కత ఆగుతుంది, అందరూ విసుక్కుంటారు. ఈసారి ఎందుకో నా వేలు ఆగలేదు. కిందనుంచి జారుకుంటూ వెళ్ళి ఆ సైరను స్వరాన్ని పట్టుకున్నాను. అది మోగినంతసేపూ దాన్ని వదల్లేదు. సైరను ఆగిపోయాక కూడా నా పెట్టె దాన్ని పట్టుకునే ఉంది. తర్వాత మెల్లగా అడవిలోకి దింపాను. అప్పలసూరి తాత అడుగు వేయడం మానేసి నా వైపు తిరిగి చేతులెత్తి దండం పెట్టాడు. ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు సైకిళ్ళ మీదే ఆగిపోయారు. ఇనప చప్పుళ్ళకి పాట కట్టడమంటే ఏమిటో డెనిస్ గారికి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నాకు మాత్రం ఆ రోజే తెలిసింది.

ఎవరూ ఒక్క మాట అనలేదా అంటే, అన్నారు. "ఆడమనిసి జముకేటి?" అని ఒకాయన గట్టిగానే అన్నాడు. ముందు వరసలో కూర్చున్న కూర్మమ్మవ్వ వెనక్కి తిరిగి, "నీ సెవులకేటి, బాగానే ఇనపడతంది కదా, ఊరుకో" అంది. కత అయ్యాక కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని ముఖం దీపం వైపు తిప్పి చూసింది. "ఒలే, నువ్వు ఎర్రన్న మనవరాలివి కావా?" అంది.

"అవునవ్వా" అన్నాను. మీ తమ్ముడు పక్కనే ఉన్నారు. "ఎర్రన్న నాకూ తాతే" అని ఆయనే చెప్పారు, గొంతు పెంచి, నలుగురికీ వినబడేలా.

కతంతా ఆయన ఫోన్లో రికార్డు చేసి, ఆ చిన్న కార్డు ఈ కవరులో పెట్టారు. డెనిస్ గారికి, రెబెకాకి వినిపించండి. మొదట్లో కాసేపు ఏమీ ఉండదు, పెట్టె వేడెక్కుతున్న చప్పుడు, అత్త ఎవరినో తప్పుకోమంటున్న గొంతు. అది చెరపవద్దన్నాను. రెబెకాకి ఈసారి నెత్తళ్ళు తినిపించి చూడండి, వాసన చూసి పారిపోతే ఎలా? వేయించాక వేరు. ఎప్పుడైనా ఇటు వస్తే పెట్టె తనూ వాయించుకోవచ్చు. ముందు అన్నం వార్చాలి, అంతే.

డెనిస్ గారికి ఇంకొక మాట. ఆయన పెట్టిన తెల్ల గీతలు నేను చెరపలేదు. అవి ఆయన స్వరాలు. నావి వేరేచోట్ల ఉన్నాయి, వాటి పక్కనే ఎర్ర స్టిక్కర్ బొట్లు అంటించాను. తుడిచేటప్పుడు రెండూ కనబడతాయి.

ఈ ఉత్తరం కాల్చకండి, చింపకండి, బియ్యం డబ్బాలో కూడా దాచకండి. ఎవరడిగితే వాళ్ళకి చదివి వినిపించండి. ఎవరు రాశారంటే చెప్పండి.

ఎర్రన్న మనవరాలు,
నీలవేణి